మా ఆయన నుదురు నున్నబడిన నాలుగు నెలలు

గార్ల దగ్గర ఒక తండాలో పెళ్లి భోజనానికి కూర్చున్నప్పుడు, ఒక పెద్దావిడ మా ఆయనను నా తండ్రి అనుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో జరిగినదంతా ఆ ఒక్క మాటతోనే మొదలైంది.

పెళ్లికొడుకు తండ్రి మా ఆయనకు దోస్తు. ఇద్దరూ భూపాలపల్లిలో ఒకే బొగ్గు గనిలో, ఒకే షిఫ్టులో చాలా ఏళ్లు పనిచేశారు. రిటైరయ్యాక ఆ దోస్తు తండాకు వెళ్లిపోయాడు. మేము భూపాలపల్లిలోనే చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోయాం. నేను అక్కడి సర్కారు బడిలో తెలుగు చెప్పేదాన్ని. కార్మికుల క్వార్టర్లన్నీ నన్ను టీచరమ్మా అని పిలిచేవి, చివరికి మా ఆయనకు కూడా అదే అలవాటైంది. ఆ పెళ్లి భోజనం నాటికి నాకు అరవై ఒకటి, ఆయనకు అరవై అయిదు. కాకపోతే నేను నెలనెలా జుట్టుకు రంగు వేసుకుంటాను. ఆయన రిటైరైన రోజే తన రంగు డబ్బా అవతల పారేశాడు.

భోజనాల దగ్గర వడ్డిస్తున్నది పెళ్లికొడుకు మేనత్త. యాట మాంసం కూర గిన్నె చంకన పెట్టుకుని మా ముందు ఆగింది. పక్కనున్న ఆడపిల్లలతో వాళ్ల భాషలో ఏదో అని, తర్వాత నావైపు తిరిగి తెలుగులో ప్రేమగా అడిగింది.

"బిడ్డా, మీ బాపుకు మెత్తటి ముక్కలు ఏరి ఎయ్యన్నా? నమలనీకె పండ్లున్నయా ఆయనకు?"

నాకు అన్నం గొంతులో అడ్డం పడింది. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. దోస్తు పరుగున వచ్చి వాళ్ల భాషలో ఆమెకు సంగతి చెప్పాడు. ఆమె నాలుక కరుచుకుంది.

"అయ్యో, పెనిమిటా! నాకు చూపు ఆనదు బిడ్డా, ఏమనుకోకు" అని ఇంకో నాలుగు ముక్కలు ఎక్కువ వేసింది. మా ఆయన ఆ పూట బొక్కలు కూడా వదలకుండా పటపటా కొరికి తిన్నాడు.

తిరుగు ప్రయాణంలో రైలు మహబూబాబాద్ చేరేదాకా కిటికీ అద్దంలోకే చూస్తూ కూర్చున్నాడు. స్టేషన్లో దిగబోతుంటే అడిగాడు.

"టీచరమ్మా, నేను గంత ముసలోని లెక్క కనవడ్తున్ననా?"

"ఆమెకు చూపు ఆనదన్నది గదా."

"నువ్వైతే మంచిగనే ఆనినవ్ గదా ఆమెకు!"

నేను సంచి అందుకుని ముందే దిగిపోయాను.

ఆ వారం నుంచి ఇంట్లో వింతలు మొదలయ్యాయి. నా ముఖం క్రీము డబ్బా అడుగంటింది. శనగపిండి తరిగిపోయింది. ఒకరోజు పొద్దున చూస్తే, అద్దం ముందు నిలబడి రెండు వేళ్లతో నుదుటి చర్మాన్ని పైకి లాగి పట్టుకుని, అటూ ఇటూ తిరిగి చూసుకుంటున్నాడు. నేను చూశానని తెలిసి దువ్వెన వెతుకుతున్నట్టు నటించాడు. ఫోన్లో ముడతలు పోవడానికి వేసే సూదుల గురించిన వీడియోలు చూస్తున్నాడని కూడా కనిపెట్టాను.

నాకు కోపం వచ్చింది. "ఈ వయసుల గిదేం పిచ్చయ్యా? నలుగురు నవ్వరా?" అన్నాను.

జనగామలో ఉంటున్న మా అమ్మాయికి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను. అది ముందు పడీపడీ నవ్వింది. తర్వాత మెల్లగా అంది. "పోనియ్యమ్మా. అన్నేండ్లు బొగ్గుల పనిచేసిండు. నాయిన మొకం మీద నాయినకు గా మాత్రం హక్కు లేదా? ఇక్కడ స్టేషన్ రోడ్డుల కొత్తగ ఒక స్కిన్ డాక్టర్ వస్తున్నది. వారంల రెండు రోజులు హైదరాబాద్ నుంచి వస్తదంట. ఒకపారి అడిగి చూడండ్రి."

అలా ఒక బుధవారం జనగామ వెళ్లాం. మందుల షాపు మీది అంతస్తులో క్లినిక్. డాక్టరు మా అమ్మాయి కంటే చిన్నది. మేము లోపలికి అడుగు పెట్టగానే లేచి, నాకు కుర్చీ చూపించింది.

"రండమ్మా, కూర్చోండి. ఎక్కడ ఇబ్బందిగా ఉంది, కళ్ల దగ్గరా?"

"నాకు కాదు డాక్టరమ్మా, ఆయనకు."

ఆమె ఆశ్చర్యాన్ని బాగానే దాచుకుంది. ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నారని అడిగింది. మా ఆయన నావైపు చెయ్యి చూపించాడు.

"మా టీచరమ్మకు నేను నాయిన లెక్క కనవడుతున్ననంట" అన్నాడు.

డాక్టరమ్మ నవ్వేసింది. తర్వాత అద్దం చేతికిచ్చి, నుదురు ముడవమంది, వదలమంది. ముడిచినప్పుడే కనిపించే గీతలను సూది మందు బాగా అణుస్తుందని, వదిలినా పోకుండా ఉండిపోయిన లోతు గీతలు కొంత తగ్గుతాయే తప్ప మాయం కావని చెప్పింది. "కళ్ల కింద సంచులకు, మెడకు ఇది పనిచేయదు. మూడు నాలుగు నెలల తర్వాత మందు దిగిపోతుంది, గీతలు మళ్లీ వస్తాయి. చేయించుకోకపోయినా మీ ఆరోగ్యానికి ఏ నష్టమూ లేదు. ఇంటికెళ్లి ఆలోచించుకుని రండి" అంది.

అంత నిజం చెప్పాక ఆయన వెనక్కి తగ్గుతాడనుకున్నాను. "ఆలోచించుడు అయిపోయింది, ఎయ్యమ్మా" అన్నాడు.

ఏమేం మందులు వాడుతున్నారో అన్నీ అడిగి, కాగితం మీద సంతకం తీసుకుని, సన్నని సూదితో నుదుటి మీద అక్కడక్కడా పొడిచింది. భూమి కింద అన్నేళ్లు పనిచేసిన మనిషి నా చెయ్యి పట్టుకున్న పట్టుకు బంగారు గాజు వంకర పోయింది. నాలుగు గంటలు పడుకోవద్దు, నుదురు రుద్దవద్దు అని చెప్పి పంపింది. మా అమ్మాయి ఇంట్లో ఆయన ఫొటో తీయించుకునేవాడిలా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం కునుకు పడుతుంటే తల వాలకుండా మనవరాలు గడ్డం కింద చెయ్యి పెట్టి కాపలా కాసింది.

పది రోజులకు నుదురు నిజంగానే నున్నబడింది. అద్దం ముందు ఆయనకు మహా సంతోషం. బయట మాత్రం ఎవరికీ అంతు చిక్కలేదు. పాల కేంద్రం దగ్గర ఒకాయన "ఒళ్లు చేసినవా అన్నా?" అన్నాడు. ఎదురింటి ఆమె "మీ ఆయనకు బీపీ తగ్గినట్టుంది టీచరమ్మా" అంది. వయసు తగ్గిందని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆయన రోజూ ఎదురుచూసేవాడు పాపం.

అసలు తేడా తెలిసింది నాకే.

మా ఆయన మాటల మనిషి కాదు. గనిలో యంత్రాల రొదలో మాట వినపడదట. టోపీ మీది దీపం అటూ ఇటూ ఊపి, కనుబొమలు ఎగరేసి, నొసలు ముడిచి సైగలతోనే పని నడిపించుకుంటారట. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. షిఫ్టు దిగి వచ్చినప్పుడు ముఖమంతా నల్లగా ఉండి, నుదుటి మీద మాత్రం తెల్లని సన్న గీతలు మెరిసేవి. ముడత లోపల దాగిన చర్మానికి మసి అంటేది కాదు. పెళ్లైన కొత్తలో ఆ తెల్ల గీతలు చూసే ఆ రోజు పని ఎంత కష్టమైందో నేను పోల్చుకునేదాన్ని. తర్వాత్తర్వాత అన్నీ ఆ నుదుటి మీదే చదివాను. పైన ఒక గీత పడితే ఇంకొంచెం అన్నం కావాలని, రెండు పడితే కూర కుదరలేదని, కనుబొమల మధ్య నిలువుగా చీలిక పడితే ఇక అడగొద్దని.

ఒక మధ్యాహ్నం బీరకాయ పప్పు చేశాను. ఆయన తింటున్నాడు. నుదురు పలకలా ఉంది. కుదిరిందనుకుని నేనూ ఒక ముద్ద పెట్టుకున్నాను. ఉప్పే వేయలేదు!

"ఏమయ్యా, ఉప్పు లేదని చెప్పొద్దా?"

"చెప్పిన గదా!"

"ఎప్పుడు?"

"ఇందాకట్నుంచి. మొకం పెడ్తనే ఉన్న గదా టీచరమ్మా, కనవడ్తలేదా?"

పాపం, ఆయన తన వైపు నుంచి నుదురు బాగానే ముడుస్తున్నాడు. అది ముడతపడట్లేదు. ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఎంత నవ్వామంటే ఎదురింటి ఆమె గేటు దగ్గరికి వచ్చి ఏమైందని అడిగింది.

ఆ రోజు నుంచి ఆయనకు నోరు తెరవక తప్పలేదు. "ఇంకొంచెం పెట్టు", "ఇయ్యాల చారు మంచిగున్నది" అనడం మొదలుపెట్టాడు. చారు బాగుందన్న మాట ఆయన నోటి నుంచి మొదటిసారి విన్నప్పుడు నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా చారు బాగుంటుందని నాకు తెలుసు. అయినా విన్నప్పుడు వేరేగా ఉంది.

పేకాటలో కూడా ఆయన దశ తిరిగింది. సాయంత్రాలు నలుగురు రిటైరైన వాళ్లు మా వీధి చివర ఒకరి కారు షెడ్డులో చింతగింజలు పందెం పెట్టి ఆడుతారు. చెడ్డ ముక్క పడితే మా ఆయన నుదురు చూసి అందరికీ తెలిసిపోయేది. అందుకే ఎప్పుడూ ఓడిపోయేవాడు. ఇప్పుడు వరుసగా నాలుగు రోజులు జేబుల నిండా చింతగింజలతో ఇంటికి వచ్చాడు. అయిదో రోజు మిగతా ముగ్గురూ పట్టుబట్టి నిజం చెప్పించారు.

"గిది అన్యాయం! నువ్వు మొకానికి మూత ఏసుకొని ఆడ్తున్నవ్" అని అందరిలో పెద్దాయన పేకముక్కలు కింద పడేశాడట. మా ఆయన ఇంటికొచ్చి ఆ మాట చెప్పి చెప్పి నవ్వాడు.

ఒకరోజు టీ తాగుతూ పాత సంగతులేవో మాట్లాడుకుంటున్నాం. అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు ఒక రోజు ఆయన షిఫ్టు నుంచి చాలా ఆలస్యంగా వచ్చాడు. ఓవర్ టైం అన్నాడు అప్పట్లో. నేను మళ్లీ అడగబోతే నుదుటి మీద ఆ నిలువు చీలిక పడింది, ఊరుకున్నాను. ఇప్పుడు అడిగాను. చీలిక పడలేదు. ఇంకోసారి అడిగాను. మూడోసారీ అడిగాను.

"ఆ దినం బొగ్గుబాయిల తోవ మీద పైకప్పు పెళ్లలు రాలి పడ్డయి" అన్నాడు చివరికి. "నేను, గార్ల దోస్తు లోపల్నే చిక్కినం. దెబ్బలేం తగల్లే. అవతలోళ్లు తోవ తీసెదాంక రెండు గంటలు కూసున్నం. ఒక లైటు బంద్ చేసి ఒక్కదాంతోనే ఉన్నం. నాకు భయమైతున్నది. వాడు వాళ్లమ్మ పాడే పాట అందుకున్నడు. వాళ్ల భాషల. నాకొక్క ముక్క అర్థం కాలే. మల్ల మల్ల పాడితే నాక్కూడ వచ్చేసింది."

"నాకెందుకు చెప్పలే?"

"వట్టిమనిషివి కావు గదా అప్పుడు. పరేషాన్ అయితవని. తర్వాత నువ్వు అడగనే లేదు."

అది నిజమే. ఆ గీత చూసి నేనే ఆగిపోయాను. ఆగడమే మర్యాద అనుకున్నాను. పాట పాడమంటే సిగ్గుపడుతూ రెండు చరణాలు పాడాడు. అర్థం ఇప్పటికీ తెలియదట. ఆ సాయంత్రమే దోస్తుకు ఫోన్ చేయించాను. అది కోడిపిల్లను వెతుక్కుంటూ తిరిగే పిల్ల గురించిన పాట అని ఆయన చెప్పాడు. ముప్పై ఏళ్లకు పైగా మా ఆయన అదేదో దేవుడి పాట అనుకుంటున్నాడు!

నాలుగో నెల చివర్లో గీతలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఆయన కంటే ముందు నేనే చూశాను. ఏం చేద్దామని అడిగితే, "నువ్వేమంటవ్?" అన్నాడు. నాకు చిత్రంగా ఆ గీతలు మళ్లీ కనిపించడం బాగుంది. ఆయన మాట్లాడటం అంతకంటే బాగుంది. "నీ మొకం, నీ ఇష్టం. మాటలు మాత్రం బంద్ చేస్తే ఊకోను" అన్నాను.

మళ్లీ జనగామ వెళ్లాం. ఈసారి ఆయన బేరం పెట్టాడు. "సగం మందే ఎయ్యమ్మా. నుదురు జరంత కదులాలె. పేకాటల నా దోస్తులు కొట్లాడుతున్నరు."

అలా కూడా వేయవచ్చని, చాలామంది అదే అడుగుతారని డాక్టరమ్మ చెప్పి సగమే వేసింది. తర్వాత మా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎండకు రాసుకునే క్రీము గురించి చెప్పింది. తను పొడిచే సూదుల కంటే రోజూ పొద్దున రాసుకునే ఇదే ఎక్కువ పని చేస్తుందని, ఏ వయసులో మొదలుపెట్టినా నష్టం లేదని అంది.

"బొగ్గుబాయిల ఎండెక్కడిది డాక్టరమ్మా?" అన్నాడు మా ఆయన.

"రిటైరై ఎన్నేళ్లయింది? పొద్దున నడకకు వెళ్లట్లేదా?"

రెండు ట్యూబులు కొన్నాం.

ఇంతకూ ఈ సూదులు పెద్ద వయసులో పనికొస్తాయా అని నన్ను ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు, ముఖ్యంగా నాతో బడిలో పనిచేసిన టీచర్లు. వయసు తగ్గించుకోవడానికైతే అక్కర్లేదనే చెబుతాను. ఎవరూ గమనించరు. కానీ సరదా పడి చేయించుకున్న మనిషిని చూసి నవ్వడం మాత్రం మానేశాను. నాలుగు నెలలు అద్దం ముందు మా ఆయన ఈల వేస్తూ తల దువ్వుకున్నాడు. దాన్ని దండగ అనడానికి నాకు నోరు రాదు. నాకెప్పుడైనా బుద్ధి పుడితే నేనూ వెళ్తానేమో, ఇంకా తేల్చుకోలేదు.

ప్రస్తుతానికి పొద్దున్నే ఇద్దరం ముఖాలకు తెల్లగా క్రీము పూసుకుని నడకకు బయలుదేరుతున్నాం. మొదటి రోజు పేకాట పెద్దాయన ఎదురై, "ఏంది తమ్మీ, సున్నం కొట్టుకొచ్చిండ్రా ఇద్దరు?" అని గట్టిగా నవ్వాడు. మా ఆయన ఆగి, ఎండ గురించి, చర్మం గురించి డాక్టరమ్మ చెప్పినదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన వీధిలో నిలబడి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. పెద్దాయన మొత్తం విన్నాడు, అటూ ఇటూ చూశాడు, చెయ్యి చాపాడు.

"జరంత నాక్కూడ పెట్టు మరి."