ప్రాగ్ చీటీ

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఉన్నాయని చెప్పేవాళ్ళను చూస్తే చిరాకు కూడా. పదకొండేళ్ళుగా నర్సు పని చేస్తున్నాను. చనిపోయినవాళ్ళకు ఒళ్ళు తుడిచి, గుడ్డ చుట్టి పంపించి, చేతులు కడుక్కుని అన్నం తిన్నదాన్ని. కాబట్టి భయపడి చెబుతోందని అనుకోకండి.

రెండేళ్ళ కిందటి సంగతి. అబుదాబిలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో నేనూ విమలా ఒకే గదిలో ఉండేవాళ్ళం. నాది నరసాపురం, తనది అమలాపురం పక్కన. ఒకే ఆసుపత్రి, ఒకే వార్డు. ఆరేళ్ళు ఒకే కుక్కర్లో వండుకు తిన్నాం. నాకంటే మూడేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది.

ఈద్‌కు నాలుగు రోజులు సెలవులొస్తాయి, యూరప్‌లో ఏదో ఒక ఊరు చూసొద్దామని ముందు అన్నది నేనే. ప్రాగ్ వంతెన వీడియోలు చూపించి దానికి ఆశ పెట్టిందీ నేనే. అంతకుముందు ప్రాగ్ అంటే ఏదో బీపీ మాత్ర అనుకునేది. తీరా లీవు అడిగితే ఒకే వార్డు నుంచి ఇద్దరికీ కుదరదంది ఇన్‌ఛార్జి.

"ఒకళ్ళే. ఖలాస్."

పోయిన క్రిస్మస్‌కు నేను ఇంటికి వెళ్ళొచ్చాను కాబట్టి లీవు విమలకు ఇచ్చింది. న్యాయమే. అయినా నాకెంత కుళ్ళు పుట్టిందో దాచను. పైకి మాత్రం వెళ్ళిరావే అన్నాను. అది కొత్త కోటు కొనుక్కొచ్చి అద్దం ముందు వేసుకుంటే నా ఒళ్ళు మండిపోయింది. వార్డులో సెలైన్ మారుస్తున్నా మనసులో ఒకటే మాట తిరిగేది: నేను లేకుండా వద్దు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ల్యాబ్‌లో పనిచేసే ఇద్దరు మలయాళీ అమ్మాయిలు దానికి తోడు కుదిరారు. ఒకమ్మాయి బుడాపెస్ట్ అంటుంది, ఇంకొకమ్మాయి వియన్నా అంటుంది. వీసా కాగితాలకు ముందే ఊరు తేలాలి. చివరికి చీటీలు వేసి నువ్వే తేల్చమని విమలకు వదిలేశారు.

మా ఇళ్ళల్లో వాగ్దానాల డబ్బా ఉంటుంది. రొట్టె ఆకారంలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల బైబిలు వాక్యాల కార్డులు. ప్రార్థన చేసి ఒకటి తీస్తాం, వచ్చిందే దేవుడిచ్చిన మాట. విమల కార్డులు తీసి పక్కన పెట్టి, క్యాలెండర్ కాగితం నాలుగు ముక్కలు చింపి, ఇంగ్లీషులో ప్రాగ్, బుడాపెస్ట్, వియన్నా, రోమ్ అని రాసి అందులో వేసింది. వేసేముందు నాలుగూ పరిచి ఫొటో తీసి ఆ అమ్మాయిలకు పంపింది. అప్పుడు మధ్యాహ్నం మూడు. నేను ఉదయం ఏడు నుంచి డ్యూటీలో ఉన్నాను, వేలిముద్ర హాజరు ఉంది. విమల ఆ రోజంతా గది దాటలేదు.

సాయంత్రం ఏడున్నరకు నేను చెప్పులు విప్పకముందే డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"నీ చెయ్యి మంచిదక్కా, నువ్వే తియ్యి."

పుండు మీద కారం చల్లినట్టయింది. అది కళ్ళు మూసుకుని, ఏది వస్తే దానికే తల వంచుతానని పైకే ప్రార్థన చేసింది. నేను ఒకటి తీసి, చూడకుండా దాని చేతిలో పెట్టాను.

విప్పి చూసింది. నా వైపు తిప్పింది. తెలుగులో, నీలి సిరాతో: నేను లేకుండా వద్దు. చేతిరాత నాది. ఫ్రిజ్ మీద నేను రాసి అంటించిన సామాన్ల చీటీ పీకి, పక్కన పెట్టి చూసింది.

"ఇంత కడుపుమంట పెట్టుకున్నావా అక్కా?"

బైబిలు మీద చెయ్యి పెట్టి రాయలేదన్నాను. మిగతా మూడూ విప్పాం. ప్రాగ్ లేదు. నాలుగూ కలిపి పెడితే చింపిన అంచులు సరిగ్గా అతికాయి. ఫొటోలో ప్రాగ్ ముక్కకు ఒక మూల కాస్త చిరిగి ఉంది. మేం తీసిన ముక్కకూ అదే మూల చిరిగి ఉంది.

విమల వెళ్ళలేదు. ప్రార్థన చేసి తీసిన చీటీని కాదనడానికి భయపడింది. ఆ అమ్మాయిలిద్దరూ బుడాపెస్ట్ వెళ్ళి నిక్షేపంగా తిరిగొచ్చారు. విమానానికి ఏమీ కాలేదు, ఎవరికీ జలుబు కూడా చెయ్యలేదు. దేన్నుంచో కాపాడిందని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ చీటీ చూడగానే భయం కంటే ముందు నాకు సంతోషమే కలిగింది. అది నా మొహంలో విమలకు కనిపించింది. రెండు నెలలకు షార్జాలో వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. కోటు మా బీరువాలోనే వదిలేసింది.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఎన్నిసార్లు తిప్పి చూసినా, ఒక పేరు పోయి నా మనసులో మాట అక్కడికి ఎలా వచ్చిందో అంతుపట్టలేదు.

ఈ ఈద్‌కు నాకు లీవు దొరికింది. ప్రాగ్ వెళ్దామా అని విమలకు మెసేజ్ పెట్టాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది.

"నేను లేకుండా వెళ్ళక్కా."