కామేశ్వరమ్మా, కొత్త సూదిమందూ

అక్కుపల్లి కామేశ్వరమ్మకు ఉన్నదొకటే జబ్బు, ప్రశ్నలు. ఆటో ఎక్కితే డ్రైవరు పెళ్ళాం ఏ ఊరి ఆడపడుచో తేలేదాకా దిగదు. కాశీబుగ్గలో చీర బేరానికెళ్ళి, రంగు ఎన్ని ఉతుకులకు పోతుందో అడిగి అడిగి, కొట్టువాడి చేతే "ఇది కొనకండమ్మా" అనిపించింది.

అలాంటి మనిషినే, ఆడబిడ్డ వరసయ్యే దాలమ్మ పలాస ఆస్పత్రికి తోడు తీసుకెళ్ళింది. దాలమ్మకు కిడ్నీ జబ్బు. నెలనెలా అక్కడ బిళ్ళలు ఉచితంగా ఇస్తారు. ఇప్పుడు ఓ కొత్త సూదిమందును రోగుల మీద పరీక్షిస్తున్నారట, చేరతావా అన్నారు. ఈవేళే జవాబు చెప్పాలి. ఆమెకు చేరాలని లేదు. వద్దంటే పాత బిళ్ళలు ఆపేస్తారేమోనని భయం. అడుగుదామంటే, డాక్టరును ప్రశ్న వేయడం ఆమె లెక్కలో ఎదురు చెప్పడమే.

"నువ్వూ అడక్కు వదినా. డాక్టరు బాబుకి నా మీద కోపమొత్తాది."

"నీ ఊసే ఎత్తను."

డాక్టరు ఎదుట కుర్చీలో కూర్చుంటూనే మొదలెట్టింది కామేశ్వరమ్మ. "ఏటి బాబూ ఈ మందు? పాము విషమా?"

"కాదమ్మా, పెప్టైడ్" అన్నాడు డాక్టర్ ప్రదీప్. "ప్రొటీన్ ముక్కలాంటి చిన్న గొలుసు. ల్యాబులో పూసలు గుచ్చినట్టు తయారుచేస్తారు."

"ఎన్ని పూసలు?"

"ముప్పై ఒకటి."

"గుచ్చేవోళ్ళు ఆడోళ్ళా, మగోళ్ళా?"

"మిషనమ్మా!"

"సూదెందుకు? బిళ్ళ సేత్తే పోనాది కదా!"

"మింగితే పప్పన్నంలా అరిగిపోతుంది."

"జబ్బు తగ్గుతాదా?"

"అది తెలియకేగా ఈ పరీక్ష!"

దాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బయట రోగుల వరస పెరిగి గుమ్మం దాటింది. డాక్టరు రెండో గ్లాసు మంచినీళ్ళు తాగాడు.

"మరి బాబూ, ఎవులైనా సేరనంటే పాత బిళ్ళలు ఆపేత్తారేటి?"

దాలమ్మ కళ్ళు మూసుకుంది.

"ఎందుకాపుతాం? చేరకపోయినా ఇస్తాం. చేరినవాళ్ళు కూడా ఎప్పుడైనా మానేయొచ్చు."

"అయితే నాకొద్దు బాబూ!" అంది దాలమ్మ. తన గొంతు అంత గట్టిదని ఆమెకే తెలీదు.

"సరేనమ్మా" అని నవ్వి, ఎప్పటి బిళ్ళలే రాసిచ్చాడు డాక్టరు.

బయటికి రాగానే దాలమ్మ నిలదీసింది. "అడగొద్దన్నానా?"

"నీ ఊసెత్తనన్నాను. ఎత్తినానా?"

"మరి ఆ పామేటి, పూసలేటి?"

"ఒలే, ఆ బిళ్ళల సంగతొక్కటే అడిగితే నీ ప్రశ్నేనని తెలిసిపోదేటి? అందుకే గుంపులో కలిపేసినాను."

దాలమ్మ ముక్కు చీదబోయేలోగా కామేశ్వరమ్మ గిర్రున వెనక్కి తిరిగింది.

"మళ్ళీ ఎక్కడికొదినా?"

"ఉండవే! నువ్వొద్దన్న సూది ఇప్పుడెవులికిత్తారో అడగనేదు!"