నలుగునాటి అవ్వ చేతులు

నిరుడు చలికాలంలో కడపలో నా పెళ్లి. మొటిమల మచ్చలు పోవాలని అప్పట్లో రెటినాల్ క్రీము వాడుతుండేదాన్ని. వారానికి రెండుసార్లే రాయమని డాక్టరమ్మ చెప్పినా, తొందరకొద్దీ రోజూ పూశాను. అసలే చలి, ముఖమంతా పొట్టు లేచింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నలుగునాడు నన్ను పెంచిన అవ్వ బుగ్గలకు పసుపు పూయగానే భగ్గుమని మండింది. కెవ్వున అరిచి, చుట్టాలందరి ముందూ ఆమె చేతులు తోసేశాను.

"శెనక్కాయలు పెరికిన చేతులు కదమ్మా, శానా మొరటుగా ఉండాయిలే," అంటూ అవ్వ చేతులు కొంగులో దాచుకుంది. క్రీము సంగతి చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

రెండు నెలలకే అవ్వ పోయింది. ముత్తైదువగా పోయిందని అందరూ పసుపు రాస్తుంటే, ఆ చేతులకు మాత్రం నేనే పూశాను.

"తప్పు వీటిది కాదవ్వా," అని అప్పుడు చెప్పాను.