మూడు గ్లాసుల్లో పరాయి వాసన

మా గోదాములో ఆయన్ని అందరూ ముక్కు మాస్టారు అంటారు. ఇరవై ఆరేళ్లుగా విస్కీ రుచి చూసి ఉమ్మేయడమే ఆయన ఉద్యోగం. మొక్కజొన్నతో కాచి, లోపల బొగ్గయ్యేలా కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచిన బర్బన్ అది. మామూలుగా నీళ్లు కలిపి సీసాల్లోకి ఎత్తుతారు. కొన్ని పీపాల సరుకుని మాత్రం చుక్క నీరు కలపకుండా, ఉన్న ఘాటుతోనే అమ్ముతారు. అందులో ఏ లోపమూ దాగదు. అందుకే ఆ పీపాలకి మాస్టారి సంతకం కావాలి.

ఆ ముక్కు కోసం ఆయన పచ్చి ఉల్లిపాయ మానేశారు, వాసన సబ్బు మానేశారు. ఆయన భార్య తలకి వాసన నూనె రాసుకోవాలంటే సెలవురోజు దాకా ఆగాల్సిందే. "నేను ఈయన్ని కాదు, ఆ ముక్కుని కట్టుకున్నాను" అంటుందావిడ.

ఆ వారం మాస్టారు వరసగా నాలుగు పీపాలు తిప్పికొట్టారు. పుస్తకంలో నాలుగింటికీ ఒకటే మాట: 'పరాయి వాసన'. ఆయనకి గ్లాసులు నింపి పెట్టేదీ, ల్యాబులో సరుకు పరీక్షించేదీ నేనే. నా పరికరాలేమో అంతా సవ్యంగానే ఉందన్నాయి. పాపకి పాలిస్తున్నాను కాబట్టి నేను రుచి చూడను. నాకు అంకెలే దిక్కు. అసలే ఇంట్లో పాపకి నాలుగు రోజులుగా జలుబు. థర్మామీటర్ చెప్పినదాన్ని కూడా నమ్మక రెండోసారి పెట్టి చూసే మనిషిని, మాస్టారి ముక్కుని ఎలా నమ్మను?

"పెద్దాయనకి వాసన తెలియడం పోయిందేమో. అడిగితే ఒప్పుకోరు," అన్నారు మేనేజరు. "మీరే తేల్చండి. పోయిందని తేలితే ఇంటికి పంపేద్దాం."

మాస్టారికి గోదాము వాళ్ల మీద అనుమానం. "ఎవడో ఏదో కలుపుతున్నాడమ్మాయ్. ఇది పీపా వాసన కాదు."

మర్నాడు పొద్దున ఐదు గ్లాసులు పెట్టాను. ఐదింట్లోనూ ఒకే పీపా సరుకు. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన ఒక్కో గ్లాసు మూత తీసి, నోరు కొంచెం తెరిచి, దూరం నుంచే వాసన పట్టారు. ఆల్కహాలు అరవై ఒక్క శాతం. ముక్కు లోపలికి పెడితే మంట తప్ప ఇంకేమీ తెలియదు. తర్వాత చిన్న గుక్క, ఉమ్మేయడం. ఆపైన నాలుగు చుక్కల నీళ్లు వేసి మళ్లీ మొదలు.

"మొదటి మూడూ వద్దు. చివరి రెండూ బంగారం! కాల్చిన చక్కెర, వెనకాల కాస్త మిరియం. నీళ్లు పడ్డాక వెనిల్లా విచ్చుకుంది."

"సరిగ్గా చూశారా మాస్టారూ?"

"ముక్కుతోనే చూశాను. నీలాగా గాజు గొట్టంతో కాదు."

దొరికిపోయారనుకున్నాను. ఒకే సరుకుకి రెండు తీర్పులు! రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. ఏ గ్లాసు ఎలా నింపానో కూడా రాయాలి. మొదటి మూడూ ఉత్త చేతుల్తో తుడిచి నింపాను. అంతలో పాప పాలు తాగట్లేదని అమ్మ ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చాక, ఫోన్ ముట్టుకున్న చేతులు కదా అని గ్లవుజులు వేసుకుని, మిగతా రెండూ తుడిచి నింపాను.

కలం ఆగిపోయింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నాకేమీ తెలియలేదు. నాలుగు రోజులుగా ఆ వాసనలోనే ఉన్నదాన్ని, ఎలా తెలుస్తుంది? రోజూ బయల్దేరే ముందు పాప ఛాతీకి జలుబు బామ్ రాస్తున్నాను.

నేరుగా మాస్టారి గదికి వెళ్లి చెయ్యి చాపాను. మూరెడు దూరంలోనే ఆయన ముఖం చిట్లించారు.

"ఇదే! ఇన్నాళ్లూ నన్ను చంపుకు తిన్నది ఇదే! పాపకి జలుబా? ఒక్క మాట చెప్పవేం?"

"పాప జలుబుకీ పీపాకీ సంబంధమేంటనుకున్నాను."

"అవతల గోదాము వాళ్లందర్నీ దొంగల్ని చూసినట్టు చూస్తున్నాను కదమ్మా!"

రిపోర్టులో 'ముక్కు బాగానే ఉంది, తప్పు నా చేతులది' అని రాసి సంతకం పెట్టాను. మేనేజరు రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టేశారు.

ఆ నాలుగు పీపాల సరుకూ మళ్లీ గ్లవుజులతో నింపాను. మూడు నెగ్గాయి. నాలుగో గ్లాసు దగ్గర మాస్టారు తల అడ్డంగా ఊపారు. నేను గబుక్కున చేతులు వాసన చూసుకున్నాను.

"నీ తప్పు కాదులే," అన్నారాయన. "తడిసిన అట్టపెట్టె వాసన. ఇది నిజంగానే పీపాది."