చేదు తెలియని వేపాకు

కిందటి వారం జ్వరం తగ్గాక మా కోడలు కాకరకాయ పులుసు పెట్టి, "చేదుగా ఉందా అత్తయ్యా?" అంది. నాకేమీ తెలియలేదు. జ్వరం పడి లేచిన నోరు అంతే కదా! అది తెలిసి కూడా, ఎనభై దగ్గరపడిన మనిషిని, గబుక్కున వంగి కాలు తడిమి చూసుకున్నాను.

చోడవరం శివార్లలో మా చెరుకు తోట పక్కనే గానుగ ఉండేది. యాభైలలో మాట, నాకు తొమ్మిదేళ్లు. పెనంలో బెల్లం పాకం కుతకుతలాడుతుంటే ఆ వాసనకి ఆగలేకపోయేదాన్ని. ఓ రోజు చిన్నాన్న అటు తిరగ్గానే చెరుకు ముక్క పాకంలో ముంచి నోట్లో పెట్టేసుకున్నాను. నాలుక కాలిపోయింది. అరిస్తే దొంగతనం బయటపడుతుందని రెండు చేతులతో నోరు మూసుకుని తోటలోకి పరిగెత్తాను. అక్కడ నరికిన చెరుకు మోడు మడమ దగ్గర గుచ్చుకుని రెండు చుక్కల నెత్తురు వచ్చింది.

ఆ రెండు చుక్కలూ నాన్నమ్మ కంట్లో పడ్డాయి. ఆవిడ పెద్దకొడుకు, మా పెదనాన్న, ఆ తోటలోనే పాము కరిచి పోయాడు. "మోడు గుచ్చుకుందమ్మా" అని ఆయన అంటే ఆవిడ నమ్మి, అన్నం తినమందిట. అందుకే నేను "మోడు గుచ్చుకుంది" అనగానే ఆవిడ మొహం పాలిపోయింది. నిజం చెప్పడమే నా తప్పయింది. మోకాలి కింద తాడు బిగించి కట్టి, గుప్పెడు వేపాకు నా నోట్లో కుక్కింది. చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టని అప్పటి లెక్క.

"నమలే గుంటా! సేదుగున్నాదా?"

కాలిన నాలుకకి చేదేమిటి, ఏదీ తెలియలేదు. తల అడ్డంగా ఊపాను.

"ఇసం ఎక్కిపోనాది! ఒరే, కత్తి కాల్సి తే!" అని చిన్నాన్నని కేకేసింది.

తమాషా ఏమిటంటే, అప్పటికి నేనూ నమ్మేశాను. కట్టు బిగువుకి కాలు మొద్దుబారి చల్లబడుతుంటే, చచ్చిపోవడం ఇలాగే మొదలవుతుంది కాబోలు అనుకున్నాను. అమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. పాకం సంగతి చెబితే వీపు చీరేస్తారు, చెప్పకపోతే కాలు కోస్తారు. చిన్నాన్న కాల్చిన కత్తితో వచ్చి పక్కన కూర్చునేదాకా ఏదీ తేల్చుకోలేకపోయానంటే, వీపు మీద నాకెంత ప్రేమో చూడండి.

"పాకం నాకేను! నాలిక కాలిపోనాది!" అని గావుకేక పెట్టాను.

అమ్మ నా నోరు తెరిచి చూసింది. నాలుకంతా పొక్కులు. చిన్నాన్న కత్తి దూరంగా విసిరేశాడు. అమ్మ గబగబా కట్టు విప్పేసింది. ఎవరూ నన్ను కొట్టలేదు. నాన్నమ్మ మాత్రం, "ఆడూ మోడనే సెప్పేడే" అంటూ పొద్దు వాలేదాకా నా పాదం పట్టుకునే కూర్చుంది.

తర్వాత మరో ఇరవై ఏళ్లు బతికింది. మేమంతా పెద్దవాళ్లమైపోయాం. ఆవిడకి మాత్రం, కొడుక్కి అన్నం పెట్టిన ఆ పూట ఎన్నడూ గడవనే లేదు.