గరుత్మంతుడి రొమ్ము మీద స్టీలు పలక

ఇత్తడి రేకుకు ప్రాణం పొయ్యడంలో తెనాలి బ్రహ్మయ్యను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆ మాట ఆయన ముందు అంటే మాత్రం కస్సుమంటాడు. "ప్రాణం పొయ్యడానికి నేనెవణ్ణండీ? ఈకలు చెక్కుకునేవాణ్ణి," అంటాడు. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్లుగా లక్క మీద రేకు పరిచి, వెనక నుంచి కొట్టి ఉబ్బు లేపి, ముందు నుంచి ఉలితో గీతలు తీస్తున్నాడు. ఒంట్లో సగం బలం చేతుల్లో ఉంటే మిగతా సగం కోపంలో ఉంది.

రేపల్లె దగ్గర ఒక గుడివాళ్లు గరుడ వాహనానికి ఇత్తడి తొడుగు చేయమన్నారు. నాలుగు నెలలు కూర్చున్నాడు. రొమ్ము మీద పడగ విప్పిన పాముకే ఇరవై రోజులు పట్టింది. గరుత్మంతుడు పామును చంపి పారెయ్యడు, నగలా వేసుకుంటాడు. పగ కూడా ఆయన ఒంటి మీద అలంకారమైపోతుంది. అందుకే ఆ పాము ముఖంలో భయం కనపడకూడదని తండ్రి నేర్పాడు. బ్రహ్మయ్య చెక్కిన పాము సొంతింట్లో ఉన్నంత నిబ్బరంగా ఉంది. గరుత్మంతుడి కళ్లు మాత్రం చెక్కలేదు. వాటిని చివరన, గుడిలో, పని చేసినవాడే తెరవాలి. అప్పటిదాకా అది ఉత్త ఇత్తడి.

ఊరేగింపు రోజు పొద్దున్నే స్నానం చేసి, ఏమీ తినకుండా, కొత్త ఉలి పట్టుకుని వెళ్లాడు. చూడగానే ఒళ్లు మండిపోయింది. సరిగ్గా పాము పడగ మీద జానెడు స్టీలు పలక, నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. దాని మీద తొడుగుకు డబ్బిచ్చిన దాత శశిధర్ పేరు, పేరు కింద ఫోన్ నంబరు!

"ఎవరండీ ఈ పని చేసింది?"

"నేనే బిగించమన్నా. ఇచ్చినవాడి పేరు కనపడొద్దా బాబాయ్?" అన్నాడు శశిధర్ నవ్వుతూ.

"కనపడాలంటే మీ ఇంటి గేటుకు బిగించుకోండి. అది తీస్తేగానీ నేను కళ్లు తెరవను."

"తెరవకపోతే మానెయ్. బాపట్లలో మిషను మీద రెండు నిమిషాల పని. ఊరేగింపు అయ్యాక చేయిద్దాం."

పూజారి వెంకటరాఘవయ్య గంట తుడుస్తూ నిలబడ్డాడు. శాస్త్రమంతా నోటికి వచ్చిన మనిషికి ఆ పూట ఒక్క మాట నోటికి రాలేదు. వాహనం మోసేవాళ్ల పెద్ద ముత్తయ్య మాత్రం భుజం మీది తుండు దులిపి నేల మీద కూర్చున్నాడు.

"కళ్లు తెరవని పక్షిని మేం ఎత్తమండి. దారి కనపడకుండా సామినెక్కడికి తీసుకెళ్తది?"

అతని వెనక మోసేవాళ్లందరూ కూర్చున్నారు.

ఎండెక్కింది. సన్నాయివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి శశిధరే స్క్రూడ్రైవరు తెప్పించి పలక విప్పించాడు. విప్పితే ఏముంది, పడగ నిండా నాలుగు కన్నాలు. బ్రహ్మయ్యకు ఏడుపొచ్చింది, అదీ కోపంతోనే వచ్చింది.

"దండ వేస్తే కనపడవులే బాబాయ్," అన్నాడు శశిధర్.

"దండ వెయ్యడానికి వీల్లేదు. కనపడనీ. అందరూ చూడాలి."

తొలి చూపు మనుషుల మీద పడకూడదని ఎదురుగా ఉన్నవాళ్లను పక్కకు జరిపి, బ్రహ్మయ్య కళ్లు తెరిచాడు. వాహనం లేచింది. హారతి పట్టిన ప్రతి ఇంటి ముందూ ఎవరో ఒకరు ఆ కన్నాలేంటని అడిగారు. ముత్తయ్య విసుక్కోకుండా ప్రతి ఇంటికీ శశిధర్ పేరు, ఇంటిపేరుతో సహా చెప్పాడు.