శుక్రవారం వచ్చిన రిపోర్టు

భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానా ల్యాబులో నేను టెక్నీషియన్‌గా ఉన్నప్పుడు మాకొక నియమం ఉండేది. మిషన్ తెల్లకణాలు మరీ ఎక్కువ చూపిస్తే, డాక్టరు రాయకపోయినా సరే, అదే రక్తాన్ని గాజు స్లైడు మీద పలుచగా పూసి పెట్టాలి. పేషెంటును ఆపి డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. స్లైడు చూసి రోగమేమిటో తేల్చే పాథాలజిస్టు డాక్టరమ్మ ఖమ్మం నుంచి శుక్రవారాలే వచ్చేది. మిగతా ఆరు రోజులు రోగాలే ఓపిక పట్టాలి.

ఒక సోమవారం చర్ల అవతలి గూడెం నుంచి ఒకాయన ఏడేళ్ల కూతురిని ఎత్తుకొచ్చాడు. జ్వరం. మలేరియా కాదని తేలింది. మామూలుగా పదివేల చుట్టూ ఉండాల్సిన తెల్లకణాలు మాత్రం లక్ష దాటాయి. మా మిషన్‌కు అప్పుడప్పుడు పూనకం వచ్చేది. ఇదీ అదే అనుకున్నాను. స్లైడు మాత్రం వేశాను.

"ఏమైంది సారూ?"

"ఏం గాలే. మా మిషన్ జర ఎక్కువ చేస్తది. జల్దీ పో, బస్సు పోతది. శుక్రారం వచ్చి కాయితం తీస్కపో."

పాప నవ్వింది. డ్యూటీ డాక్టరుకు నేను చెప్పలేదు.

శుక్రవారం డాక్టరమ్మ మైక్రోస్కోపు మీంచి తలెత్తకుండానే అడిగింది.

"ఈ పాప ఏది?"

"ఇంటికి పోయింది మేడమ్."

"ఎవరు పొమ్మన్నరు?"

రక్తక్యాన్సర్ అనుమానం, వెంటనే హైదరాబాదు పంపాలి అని రాసింది. చర్ల బస్సు కండక్టరు చేతికి చీటీ ఇచ్చి పంపాం. వాగు పొంగి చీటీ చర్లలోనే ఆగింది.

మూడు వారాల తర్వాత, మళ్లీ ఒక శుక్రవారం పొద్దున, ఆయన వచ్చాడు. చంకలో నాలుగేళ్ల కొడుకు.

"పాపేది?"

"పోయింది సారూ, పోయిన వారం బేస్తారం. కాయితం తీస్కపొమ్మన్నవ్ గదా, వచ్చిన."

"ఆ రోజు నిన్ను ఆపాల్సింది. తప్పు నాదే," అన్నాను.

"ఆపితే బతుకుతుండెనా?"

ఆ ముక్క చెప్పే అధికారం కూడా నాకు లేదు.

చంకలోని కొడుకును చూపించి, "వీనికి గూడ ఒళ్లు కాలుతున్నది, చూడు," అన్నాడు.

పిల్లవాడి లెక్కలన్నీ సరిగానే వచ్చాయి. నియమం ప్రకారం స్లైడు అక్కర్లేదు. వేశాను. డాక్టరమ్మ వచ్చేదాకా కదలొద్దని ఆయన్ను గుమ్మం పక్క బెంచీ మీద కూర్చోబెట్టాను.

"అన్నీ మంచిగనే ఉన్నయ్ గదా, ఇదెందుకు వేసినవ్?" అందామె. "ఆ పాప తమ్ముడు మేడమ్," అన్నాను. ఆమె గుమ్మం వైపు చూసి, ఇంకేమీ అడగకుండా మైక్రోస్కోపుకు కన్ను ఆనించింది. చాలాసేపు చూసింది.

"ఏం లేదు. మామూలు జ్వరమే. పోయి చెప్పు."

చెప్పాను. ఆయన లేవలేదు.

"నువ్వు చెప్తే గాదు సారూ. ఆ అమ్మను రాసియ్యమను."